ఇంట్లో చదువుకునే పిల్లల తిండి: అపోహలు - వాస్తవాలు

బడికి వెళ్లే పిల్లలకు తిండి వేళను గంట నిర్ణయిస్తుంది. గంట కొట్టేదాకా డబ్బా తెరవరు, మళ్లీ కొట్టగానే మూసేస్తారు. ఇంట్లోనే చదువుకునే పిల్లలకు ఆ గంట ఉండదు, వంటగది మాత్రం నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పిల్లల పోషకాహారం మీద సలహాలిచ్చే వృత్తిలో, హోమ్‌స్కూలింగ్ కుటుంబాల నుంచి నేను ఎక్కువగా వినే ఫిర్యాదు "మా పిల్లలు తినరు" అన్నది కాదు. "రోజంతా నోరు ఆడుతూనే ఉంటుంది, భోజనం దగ్గర మాత్రం రెండు ముద్దలకే లేచిపోతారు" అన్నది. ఏం పెట్టాలో అందరూ అడుగుతారు. ఎప్పుడు పెట్టకూడదో అడిగేవారు చాలా తక్కువ. కింది అపోహల్లో సగానికి సగం అక్కడే పుడుతున్నాయి.

అపోహ: ఇల్లే బడి అయినప్పుడు వేళలెందుకు? ఆకలేసినప్పుడు తింటారు

గంటకోసారి నాలుగు బిస్కెట్లు, గుక్కెడు జ్యూసు, గుప్పెడు గింజలు పడే కడుపుకు ఆకలి పూర్తిగా వేయదు, వేసింది పూర్తిగా తీరదు. మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చున్న పిల్ల అన్నం కెలికి లేచిపోయి, అరగంట తిరక్కుండా మళ్లీ ఏమైనా పెట్టమని వస్తుంది. తల్లికి అది మొండితనంగా కనిపిస్తుంది. నిజానికి ఆ పిల్లకు భోజనం వేళకు ఆకలి లేదు, అంతే. ఆకలి రుచెరుగదంటారు. ఆకలి లేని నోటికి ఎంత బాగా వండినా రుచించదు.

పళ్ల సంగతి ఇంకా ముఖ్యం. చక్కెర గానీ పిండిపదార్థం గానీ తిన్న కొద్ది నిమిషాలకే పళ్ల మీది పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దాదాపు 5.5 కన్నా కిందికి దిగితే పంటి పైపొరలోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ సరిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పీహెచ్‌లోని ఈ ఎగుడుదిగుళ్లను 1940లలో రాబర్ట్ స్టెఫాన్ అనే దంత పరిశోధకుడు కొలిచి గీతగా గీసి చూపించాడు, దంతవైద్యులు ఇప్పటికీ ఆ గీతను ఆయన పేరుతోనే పిలుస్తారు. లాలాజలం పని ముగించకముందే ఇంకో బిస్కెట్ నోట్లో పడితే, ఆ గీత పైకి లేచేదెప్పుడు? నాలుగు బిస్కెట్లు ఒకేసారి తిన్న పిల్లవాడి కన్నా అవే నాలుగింటిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొరుకుతూ తిరిగే పిల్లవాడి పళ్లకే ప్రమాదం ఎక్కువ.

ఐదేళ్లలోపు పిల్లలకు రెండు నుంచి మూడు గంటలకోసారి, పెద్దపిల్లలకు మూడు నుంచి నాలుగు గంటలకోసారి తిండి చాలు. పొద్దున 8కి ఫలహారం, 10.30కి చిరుతిండి, ఒంటి గంటకు భోజనం, 4కి మళ్లీ చిరుతిండి, రాత్రి భోజనం. నడుమ మంచినీళ్లు ఎన్నిసార్లయినా తాగవచ్చు, మిగతాదంతా మూత. పది నిమిషాలు అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు. గడియారం చూడడం రాని పిల్లలున్న ఇళ్లలో గడియారం అద్దం మీద 10కీ 11కీ నడుమ ఎర్ర చుక్క అతికించమంటాను. చిన్న ముల్లు చుక్కను తాకితే తిండి. అప్పటినుంచి "ఇంకా ఎంతసేపు?" అన్న ప్రశ్న అమ్మను వదిలి గడియారానికి తగులుకుంటుంది. మొదటి వారం గోల తప్పదు, ముందే చెబుతున్నాను.

అపోహ: ఆకలి అన్నారంటే అది ఆకలే

ఎప్పుడు అన్నారో చూడాలి. ఒక ఇంట్లో ఏడేళ్ల బాబు రోజంతా ఆకలి ఆకలి అంటున్నాడని, నులిపురుగులేమోనని తల్లి కంగారుపడింది. వారంపాటు ఆ మాట అన్న ప్రతిసారీ వేళను, అప్పుడు అతని ముందున్న పుస్తకాన్ని రాసిపెట్టమన్నాను. కాగితం నిండాక సంగతి తేలింది. అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు ముందు పెట్టినప్పుడల్లా ఆకలి వస్తోంది, బొమ్మలు వేసే గంటలో ఒక్కసారి కూడా రాలేదు. బాబు అబద్ధం ఆడుతున్నాడని కాదు. కుర్చీలోంచి లేవడానికి ఆ ఇంట్లో ఖాయంగా పనిచేసే మాట అదొక్కటే, అది అతనికి తెలిసిపోయింది. తీసివేతలను చిరుతిండి తర్వాతకు మార్చి, ఒక్కో విడతకు లెక్కలు తగ్గించారు. ఆకలి చాలావరకు సద్దుమణిగింది.

నీళ్లు తాగి, ఇంట్లో రెండు చుట్లు తిరిగి వచ్చాక కూడా ఆకలంటే అది ఆకలే. అప్పుడు 10.30 కోసం పంతం పట్టకుండా చిరుతిండిని ముందుకు జరపండి.

అపోహ: కదలకుండా కూర్చునే పిల్లలకు మధ్యలో తిండెందుకు?

ఇది పై దానికి సరిగ్గా వ్యతిరేకం, ఎక్కువగా తాతయ్యలు, నాయనమ్మల నుంచి వింటాను. 2014లో క్రిస్టఫర్ కుజావా అనే పరిశోధకుడి బృందం వేసిన లెక్క ప్రకారం ఐదేళ్ల వయసు ప్రాంతంలో పిల్లలు రోజంతా ఖర్చు చేసే శక్తిలో దాదాపు 43 శాతం మెదడుకే పోతుంది. లెక్కలు చేసినా, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా ఆ ఖర్చు ఉండేదే. పొట్ట చిన్నది, మూడు పూటల్లోనే అంతా పట్టదు. చిరుతిండి వాళ్లకు చిన్న భోజనం లాంటిది. అందుకే అందులో పండో, గుడ్డో, పెరుగో, పప్పుగింజలో ఉండాలి.

అపోహ: ఏం కావాలో పిల్లల ఒంటికే తెలుసు, వాళ్లకే వదిలేయండి

చదువులో పిల్లల ఇష్టానికి పెద్దపీట వేసే తల్లిదండ్రులకు ఈ మాట బాగా నచ్చుతుంది. దీనికి సాక్ష్యంగా తరచూ క్లారా డేవిస్ ప్రయోగాన్ని చూపుతారు. 1920, 30లలో ఆ వైద్యురాలు అప్పుడే తల్లిపాలు మానిన 15 మంది పసివాళ్ల ముందు ముప్పైకి పైగా పదార్థాలలోంచి కొన్ని చొప్పున పెట్టి, ఏది ఎంత తినాలో వాళ్లకే వదిలేసింది. పక్కన కూర్చున్న నర్సులు ఇది తిను, అది వద్దు అనకూడదు. పిల్లలంతా చక్కగా ఎదిగారు. రికెట్స్‌తో (డి విటమిన్ లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బు) వచ్చిన ఒక బిడ్డ తనంతట తనే ఆ విటమిన్ ఉండే కాడ్ చేపనూనె తాగి, జబ్బు నయమయ్యాక మానేశాడు.

కథ ఇక్కడితో ఆపేస్తారు. ఆ పళ్లేలలో ఏముందో చెప్పరు. పాలు, గుడ్లు, మాంసం, పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, అన్నీ సాదాగా తయారైనవే. చక్కెర లేదు, మిఠాయి లేదు, పొట్లాల్లో వచ్చే సరుకు లేదు. కిటుకంతా ఆ పదార్థాల పట్టికలోనే ఉందని డేవిసే రాసింది. మీ వంటగది అలమరలో ఏమున్నాయో ఒకసారి చూసుకుని, ఆ తర్వాత వదిలేయండి.

అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ఈ పనిని బాగా పంచింది. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. తినాలా వద్దా, ఎంత తినాలన్నది పిల్లల ఇష్టం. మనం తరచూ దీన్ని తలకిందులు చేస్తాం. వేళను పిల్లలకు వదిలేసి, ఎంత తినాలో మనం కొసరి కొసరి వడ్డించి నిర్ణయిస్తాం. కొత్త కూరను మొదటిసారి ఉమ్మేశారని జాబితాలోంచి కొట్టేయకండి. ఒక రుచి అలవాటు కావడానికి చాలామంది పిల్లలకు 8 నుంచి 15 సార్లు ముందుకు రావాల్సి ఉంటుంది. ప్రతిసారీ చెంచాడు చాలు, బతిమాలక్కర్లేదు.

అపోహ: పాఠం పూర్తిచేస్తే చాక్లెట్ ఇస్తే ఏం పోయింది?

బడిలో టీచరు వేరు, వంట చేసేవారు వేరు. ఇక్కడ ఇద్దరూ ఒకరే కాబట్టి పాఠానికి లంచం చేతికందేంత దూరంలో ఉంటుంది. లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని రెండు వైపుల నుంచీ పరీక్షించింది. బహుమతిగా ఇచ్చిన పదార్థం మీద పిల్లలకు ఇష్టం పెరిగిందని 1980లో చూపింది. "ఇది తాగితే అది ఇస్తాం" అన్నప్పుడు, తాగమన్న దాని మీద ఇష్టం తగ్గిందని 1984లో చూపింది. అంటే కూర తింటే చాక్లెట్ అన్న బేరంలో కూర రెండు విధాలా నష్టపోతుంది. తీసివేతలకూ అదే గతి పడుతుందని నా అనుమానం. అలాగని చాక్లెట్‌ను బీరువాలో దాచి తాళం వేయడమూ పనిచేయదు. దాచినకొద్దీ పిల్లలకు దాని మీదే ధ్యాస. నేనైతే అప్పుడప్పుడు ఏ షరతూ లేకుండా భోజనంతోపాటే పళ్లెంలో పెట్టేయమంటాను.

అపోహ: తీపి తింటే పిల్లలకు ఒళ్లు తెలియనంత అల్లరి వస్తుంది

రాదు. అంతకు ముందు జరిగిన 23 ప్రయోగాలను 1995లో కలిపి విశ్లేషిస్తే, పిల్లల ప్రవర్తన మీద, చదువు మీద చక్కెర ప్రభావం కనిపించలేదు. దానికి ముందు ఏడాది వచ్చిన ఒక అధ్యయనం నాకు మరీ ఇష్టం. మగపిల్లలందరికీ చక్కెర లేని పానీయమే ఇచ్చి, కొందరు తల్లులకు మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది!

తీపి తగ్గించడానికి పళ్లు, బరువు వంటి కారణాలు వేరే ఉన్నాయి. విడిగా కలిపిన చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

అపోహ: ఇంట్లోనే ఉంటున్నాం కనుక ప్రతిసారీ వేడిగా వండిపెట్టాలి

ఈ పట్టింపుతోనే చాలామంది తల్లులు హోమ్‌స్కూలింగ్‌కు నీరసపడిపోతున్నారు. పొద్దున ఫలహారం వేళకే ఒక్కొక్కరికి ఒక్కో డబ్బాలో చిరుతిండి సర్దేయండి. చుక్క దగ్గరికి ముల్లు వచ్చినప్పుడు ఎవరి డబ్బా వారు తీసుకుంటారు, పాఠం మధ్యలో మీరు పొయ్యి దగ్గరికి పరుగెత్తాల్సిన పని ఉండదు. జాగ్రత్త ఒక్కటే. వండినది బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటకు మించి ఉండకూడదు. 8కి సర్దినది 10.30 దాకా ఆగాలి కాబట్టి వండినది ఉన్న డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టండి. 5 నుంచి 60 డిగ్రీల నడుమ సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. అన్నాన్ని బయట వదిలేస్తే అందులో పుట్టే కొన్ని విషపదార్థాలు మళ్లీ వేడిచేసినా పోవు.

అపోహ: చదువుతూ తింటే సమయం కలిసొస్తుంది

పుస్తకం మీద కళ్లు ఉంటే ఎంత తిన్నారో తెలియదు. చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదమూ ఉంది. నాలుగేళ్లలోపు వారికి గట్టి గింజలు, పాప్‌కార్న్ వద్దు, ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి. అన్నయ్య డబ్బాలోంచి తమ్ముడు ఏం లాక్కుంటున్నాడో కూడా గమనించండి.

అపోహ: పాలు, పళ్లరసం ఎంత తాగితే అంత మంచిది

ఐదేళ్లలోపు పిల్లలకు రోజుకు పాలు 700 మిల్లీలీటర్లు దాటితే ఆకలి చస్తుంది, ఇనుము లోపమూ రావచ్చు. పళ్లరసం అమెరికన్ శిశువైద్యుల సంఘం లెక్కలో ఏడాదిలోపు అసలు వద్దు, మూడేళ్ల దాకా 120 మిల్లీలీటర్లకు, ఆరేళ్ల దాకా 180కి మించకూడదు. పండు తినగలిగిన పిల్లలకు రసం అవసరమే లేదు.

బరువు పెరగకపోవడం, ఎదుగుదల పట్టికలో గీత కిందికి జారడం, తినేటప్పుడు తరచూ పొలమారడం, తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గిపోతూ ఉండడం, పాలిపోయి త్వరగా అలసిపోవడం వంటివి కనిపిస్తే మాత్రం వేళలు సర్దుతూ కూర్చోవద్దు. ఇంట్లో చదివే పిల్లలకు బడిలో జరిగే ఆరోగ్య పరీక్షలు ఉండవు కాబట్టి ఏడాదికోసారైనా ఎత్తు, బరువు కొలిపించి, ఆ కాగితం చేత పట్టుకుని శిశువైద్యుల దగ్గరికి వెళ్లండి. వారంపాటు రాసిన తిండి వేళల పట్టిక కూడా వెంట ఉంటే డాక్టరు పని సగం తేలికవుతుంది.