దత్తత గురించి మన జిల్లాలో వినిపించే అపోహలు - వాస్తవాలు

నేను బొబ్బిలి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. అంతకుముందు 2 సంవత్సరాలు మాల్దీవుల్లోని ఒక చిన్న దీవిలో పాఠాలు చెప్పాను. నేను దత్తత బిడ్డను. దత్తత తీసుకున్నవారు, తీసుకోదలచినవారు సందేహాలతో నా దగ్గరికి వస్తూ ఉంటారు. వారి నోట ఎక్కువగా వినే మాటలకు నా సమాధానాలివి.

అపోహ: నిజం చెబితే బిడ్డ దూరమవుతుంది.

బిడ్డకు అన్నిటికంటే ఎక్కువ కీడు చేసేది ఈ భయమే. తల్లిదండ్రులు దాచినా ఊరు దాచదు. ఏ పెళ్లి పందిట్లోనో ఎవరో ఒకరు "ఈ గుంటని పెంచుకున్నారట కదా" అంటారు. ఇన్నేళ్లూ అమ్మ తనకు చెప్పలేదన్న బాధ ఆ బిడ్డను జీవితాంతం వెంటాడుతుంది. మా అమ్మ నాకు అన్నం కలిపి పెడుతూ, "నిన్ను తెచ్చుకున్న రోజు ఒకటే వాన, నాన్న తువ్వాలులో చుట్టి గుండెకు హత్తుకున్నారు" అని చెప్పేది. ఆ సంగతి తెలియని రోజంటూ నాకు గుర్తులేదు. ఉపాధ్యాయులు కూడా ఆలోచించాలి. పుట్టినప్పటి ఫొటో తెమ్మన్నందుకు నేను మూడో తరగతిలో 2 రోజులు బడి మానేశాను. మాల్దీవుల్లో నా విద్యార్థులు కొందరు అమ్మమ్మల దగ్గర, బంధువుల ఇళ్లలో పెరిగేవారు కాబట్టి, "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడగడం అక్కడే అలవాటు చేసుకున్నాను.

అపోహ: నర్సింగ్ హోములో మాట్లాడుకుని స్టాంపు కాగితం మీద రాయించుకుంటే చాలు.

డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం నేరం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 5 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బందికి శిక్ష ఇంకా ఎక్కువ. అనాథ బిడ్డను, కన్నవారు అప్పగించిన బిడ్డను దత్తత తీసుకోవాలంటే కేంద్ర సంస్థ 'కారా' పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి పరిశీలించాలి, చివరికి కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి. 2022 సెప్టెంబరుకు ముందు ఆ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకునేందుకు చట్టం 60 రోజుల గడువు ఇస్తుంది. స్టాంపు కాగితం ఆ తల్లికి ఆ గడువునూ, బిడ్డకు తన పుట్టుక ఆధారాలనూ లేకుండా చేస్తుంది.

అపోహ: దత్తత బిడ్డకు ఆస్తి రాదు, పాస్‌పోర్టు కష్టం.

కన్నబిడ్డకు ఉన్న హక్కులన్నీ ఉంటాయి. నా జనన ధ్రువపత్రంలో అమ్మానాన్నల పేర్లే ఉన్నాయి. మాల్దీవులకు వెళ్లేటప్పుడు ఏ అధికారీ వేరే కాగితం అడగలేదు.

అపోహ: కన్నవారిని వెతకడం పెంచినవారికి ద్రోహం.

18 సంవత్సరాలు నిండిన దత్తత బిడ్డ తన మూలాల వివరాల కోసం స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కన్నవారు తమ పేరు బయటపెట్టవద్దని కోరి ఉంటే వారి సమ్మతి తప్పనిసరి, అది న్యాయమే. నేను దరఖాస్తు పెట్టిన రోజున అమ్మే ట్రంకుపెట్టె అడుగు నుంచి దత్తత ఉత్తర్వు తీసి, చుట్టిన పసుపు గుడ్డ విప్పి నా చేతికిచ్చింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చిందా అని అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతూనే ఉంది.