మొహమాటం ఒకటి, దయ ఒకటి: సరిహద్దు బజారులో ఒక పాత తగువు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న గుణుపురం బజారులో కొత్తగా కొట్టు పెట్టే కుర్రాడికి ఇంట్లో పెద్దవాళ్లు రెండు మాటలు చెబుతారు. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి రా, గల్లాపెట్టె దగ్గర చుట్టరికాలు చూడకు" అనేది ఒకటి. "కొండ దిగి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపకు" అనేది రెండోది. ఈ రెండూ ఒకే నోటి నుంచి, ఒక్కోసారి ఒకే పూటలో వస్తాయి. పాపం ఆ కుర్రాడు ఏది పట్టుకోవాలి? వ్యాపారంలో పైకి రావడానికి మంచితనం పనికొస్తుందా, అడ్డొస్తుందా అని ఇవాళ స్టార్టప్ సభల్లో అడుగుతున్నది ఇదే ప్రశ్న. మా వైపు మాత్రం అది అరువు పుస్తకంలో పుట్టింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్స్ అయ్యేదాకా ఇప్పటి రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. పర్లాకిమిడి గంజాం జిల్లా కింద, జయపురం, గుణుపురం విశాఖపట్నం జిల్లా కింద లెక్క. మైదానం నుంచి ఉప్పు, బట్టలు, ఎండుచేపలు పైకి వెళ్లేవి. కొండల నుంచి చింతపండు, పసుపు, అడ్డాకులు సంతకు దిగేవి. కొండవాడి చేతిలో డబ్బు ఆడేది పంట వచ్చినప్పుడే, మిగతా ఏడాదంతా అరువే. అరువు ఇవ్వని షావుకారి దగ్గరికి ఎవరూ రారు. కాబట్టి అరువు ఇచ్చేవాడే దయగలవాడు. ఆ దయే రెండు మూడు పంటలు తిరిగేసరికి వడ్డీకి వడ్డీ అయి పొలం మీదికి వచ్చేది. పొలం లేనివాడు మనిషిగా తాకట్టు పడేవాడు. కోరాపుట్ వైపు ఆ వెట్టిని 'గోతి' అనేవాళ్లు.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు వడ్డీల మీద, భూబదలాయింపుల మీద ఒక చట్టం తెచ్చింది. కొండజాతివాడి అప్పు మీద ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ కుదరదు. చక్రవడ్డీ అసలే లేదు. మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. ఏజెన్సీని చూసుకునే ప్రభుత్వ అధికారి, అంటే ఏజెంటు, రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప కొండజాతివాడి భూమి బయటివాడికి పోకూడదు. చట్టం రాసినవాళ్లకు షావుకారి గుణం మీద ఏ ఆశా ఉన్నట్టు లేదు. దయ చూపించమని ఎక్కడా అడగలేదు, లెక్కకే కళ్లెం వేశారు. అమలు అంతంతమాత్రమే. గోతి మీద ఒడిశా ప్రభుత్వం 1948లో మళ్లీ వేరే నిబంధన తేవలసి వచ్చింది.

దీన్ని మనిషి గుణం ప్రశ్నగా మార్చింది మనస్తత్వ శాస్త్రం. అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలండ్ 1961 నాటికి ఒక వాదం నిలబెట్టాడు. ఏదైనా సాధించి చూపాలన్న తపన ఎక్కువున్న సమాజంలోనే వ్యాపారం పెరుగుతుందన్నది దాని సారం. ఆ వాదాన్ని ఆయన పరీక్షించుకున్న ఊళ్లలో ఒకటి మన కాకినాడ. 1964లో అక్కడి చిన్న వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తీసుకెళ్లి తరగతులు పెట్టారు. లక్ష్యాలు పెట్టుకోవడం, సాధించినట్టు ఊహించి కథలు రాయడం, ఇలాంటివే నేర్పారు. తరవాతి ఏళ్లలో శిక్షణ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కన్నా ఎక్కువ చొరవ చూపారని తేలింది. పాత ఆచారాలు, పూజలు, నమ్మకాలు అందుకు అడ్డేమీ కాలేదట. శకునం చూసుకుని కొట్టు తెరిచే మా వాళ్లకు ఇది చెబితే నవ్వుతారు, ఎందుకు అడ్డమవుతాయని.

మెక్లెలండే 1976లో డేవిడ్ బర్నమ్‌తో కలిసి ఇంకో మాట అన్నాడు, మన తగువుకు అసలు దగ్గరిది అదే. పదిమందీ తనను ఇష్టపడాలని తాపత్రయపడే మేనేజరు మంచి మేనేజరు కాలేడు. ఎదురుగా కూర్చుని కష్టం చెప్పుకున్న ఒక్కడికి నియమం సడలిస్తాడు. చెప్పుకోలేని మిగతా తొమ్మిదిమందికీ అది అన్యాయంగా కనిపిస్తుంది. ఇది చదివినప్పుడు నాకు ఏ అమెరికా కంపెనీ గుర్తుకు రాలేదు. బావమరిదికి మూడు నెలల సరుకు రాసిచ్చి, మూడు రోజులు ఆలస్యమైన కూలివాడి మీద కేకలు వేసే కొట్టు గుర్తుకొచ్చింది.

ఆ తరవాత లెక్కలు వచ్చాయి. 2006లో జావో, సైబర్ట్ అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి వ్యాపారాలు పెట్టినవాళ్లను ఉద్యోగం చేసే మేనేజర్లతో పోల్చారు. వ్యాపారులలో పట్టుదల, కొత్తదనం మీద మోజు ఎక్కువ, టెన్షన్ పడే గుణం తక్కువ. నలుగురితో సర్దుకుపోయే గుణం కూడా తక్కువే. ఇంకేం, కఠినుడే గెలుస్తాడని కొందరు తీర్మానించేశారు. కానీ 2010లో వాళ్లే లంప్కిన్‌తో కలిసి వ్యాపారం ఎలా నడిచిందో చూస్తే, ఆ సర్దుకుపోయే గుణానికీ ఫలితానికీ సంబంధమే కనబడలేదు. మేలూ లేదు, కీడూ లేదు.

నాకు తోచిన కారణం ఒకటుంది. వాళ్లు కొలిచే ఆ ఒక్క గుణం బుట్టలో ఎదుటివాణ్ణి నమ్మడం, మాటకు తలొగ్గడం, అణకువ, జాలి అన్నీ కలిసి ఉంటాయి. తెలుగులో మనం వీటిని ఎప్పుడో విడదీసుకున్నాం. కాదనలేకపోవడం మొహమాటం. ఎదుటివాడి అవసరం కనిపెట్టడం దయ. మొహమాటం మన పరువు కోసం, అందుకే తెలిసినవాళ్ల దగ్గరే పుడుతుంది. దయకు ముఖపరిచయంతో పని లేదు. రెండింటినీ కలిపి తూచితే ముల్లు మధ్యలో ఆగక ఏం చేస్తుంది?

దయ పేరు చెప్పుకుని పెద్దదైన వ్యాపారం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పేదరికం పోగొడతామని మొదలైన, పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలు సరిహద్దుకు అటువైపు, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో వారం వారం వసూళ్లతో విపరీతంగా పెరిగాయి. వాటిలో పెద్దదైన ఎస్‌కెఎస్ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కెక్కింది. వసూళ్ల వేధింపుల వల్లే ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఆరోపణల మధ్య అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు వచ్చాయి, వడ్డీ అసలును దాటకూడదన్నారు. అంతకు 93 ఏళ్ల ముందు మద్రాసు వాళ్లు ఏజెన్సీకి రాసిన షరతే మళ్లీ వచ్చిందన్నమాట. కట్టేవాళ్లు కట్టడం మానేశారు, ఆ సంస్థలు కుదేలయ్యాయి.

ఇటువైపు కిరాణా కొట్లలో ఇప్పుడు క్యూఆర్ కోడ్ అట్ట ఉంటుంది. దాని పైన 'నేడు రొక్కం, రేపు అరువు' అన్న పాత బోర్డు. నోటితో కాదనలేని కొట్టువాడు చుట్టం అరువు అడిగినప్పుడు ఆ బోర్డు వైపు చూసి నవ్వుతాడు. అరువు పుస్తకం గల్లాపెట్టె కింది అరలో ఉంటుంది. సంత రోజు పొద్దు వాలాక, అమ్ముడుపోని చింతపండు బుట్టతో ఎవరైనా వచ్చి నిలబడితే అది పైకి వస్తుంది.