మతం గురించి బడిలో మాట్లాడకూడదని ఎవరన్నారు?

హైస్కూలు పిల్లలకు మతాల గురించి, పౌరసత్వం గురించి, కుల వివక్ష గురించి విడమరిచి చెప్పాలన్న మాట వస్తే చాలు, స్టాఫ్‌రూములో వినిపించే జవాబు ఒకటే: ‘గవర్నమెంటు స్కూలు కదా సార్, లేనిపోని టెన్షన్ మనకెందుకు?’ ఈ జంకు నిన్నమొన్నటిది కాదు. అనంతపురం వైపు నుంచి చూస్తే దీని వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉంది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమన్నాడు. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉంది, 1882లో గానీ విడిపోలేదు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారం తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ముస్లిం పిల్లలు 243 మంది, ఆడపిల్లలు అరవై మంది.

ఆ బడి ఎలా నడిచేదో కూడా ఆయన రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేకొద్దీ ఒక్కో దెబ్బ ఎక్కువ. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. రామాయణం, భారతం, భాగవతం అందరికీ ఉండేవి. అవిగాక విశ్వకర్మల పిల్లలు విశ్వకర్మ పురాణం, లింగధారుల పిల్లలు బసవ పురాణం చదివేవారు. బడి ఒకటే అయినా ఎవరి మతం పాఠం వాళ్ళదే. పక్కవాడి నమ్మకం ఏమిటో తెలుసుకునే పాఠం మాత్రం అందులో లేదు.

మాల మాదిగ వాడల్లోకి చదువు చాలా చోట్ల మిషన్ బడుల ద్వారా వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో అడుగుపెట్టింది. పలకతో పాటు బైబిలూ వచ్చింది. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ (బ్రిటిష్ వాళ్ళ విద్యా విధాన పత్రం) సర్కారు బడులు ఏ మతం పక్షమూ వహించకూడదంది, ప్రైవేటు బడులకు మతంతో పని లేకుండా గ్రాంటు ఇమ్మంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ అగ్రహారంలోనో గుడి ఆవరణలోనో బడి పెడితే పంచముల పిల్లలు లోపలికి ఎలా వస్తారు? అలాంటి చోట్ల ఉన్న బడులను అందరూ రాగలిగిన చోటికి మార్చాలని మద్రాసు ప్రభుత్వం చెప్పడానికి 1919 దాకా పట్టింది.

ఇక రాజ్యాంగం. దాన్ని రాసిన సభలో మన జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావు, నీలం సంజీవరెడ్డి ఉన్నారు. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు. ఎయిడెడ్ బడిలో ఉన్నా, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని అందులో కూర్చోబెట్టకూడదు. ఇందులో ఎక్కడా మతాల గురించి చదవొద్దని లేదు. చదువుల మీద కేంద్రం వేసిన 1964-66 కొఠారి కమిషన్ ఈ తేడాను స్పష్టంగానే చెప్పింది: ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలుసుకోవడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదివించడం 28వ అధికరణానికి విరుద్ధం కాదంది. ఇన్నేళ్ళయినా ఆ మాట మన తరగతి గదిదాకా రాలేదన్నదే నా బాధ.

ఇంగ్లండ్ ఇంకో దారిలో నడిచింది. అక్కడ 1944 చట్టం మత విద్యను తప్పనిసరి చేసింది, వద్దనుకున్న తల్లిదండ్రులకు పిల్లల్ని ఆ క్లాసు తప్పించే హక్కు ఇచ్చింది. 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాణ్ణి లండన్‌లో జాతి ద్వేషంతో చంపేశారు. దానిపై 1999లో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక పోలీసులను తప్పుపట్టి ఊరుకోలేదు, జాతి వివక్షను అడ్డుకునేలా పాఠ్యప్రణాళికనూ సవరించాలంది. 2002 నుంచి సెకండరీ స్కూళ్ళలో పౌరసత్వం తప్పనిసరి సబ్జెక్టు అయింది.

అక్కడ రంగు ఎంత పని చేస్తుందో ఇక్కడ కులం అంత పని చేస్తుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ అప్పటి ఆరో తరగతి పుస్తకంలో అంబేద్కర్ చిన్ననాటి ప్రయాణం చేర్చారు. తొమ్మిదేళ్ళ పిల్లాడు, 1901, నాన్నను చూడ్డానికి కోరేగావ్ బయల్దేరితే బండివాళ్ళు ఎక్కించుకోం పొమ్మన్నారు. ఆ పాఠం చదివిన పిల్లలు తమ ఊళ్ళో అలాంటిది ఏముందని అడగాలి. మనం అడగనిస్తున్నామా? పరీక్షలో ‘అంటరానితనాన్ని నిషేధించిన అధికరణం ఏది?’ అంటే 17 అని రాసి మార్కు తెచ్చుకుంటారు. టీ బంకులో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల సంగతి ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

మధ్యాహ్న భోజనం కథ ఇక్కడే చెప్పాలి. వండిన అన్నం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్ళుగా దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో పిల్లలకు వివరిస్తే సమానత్వం మీద అంతకంటే మంచి పాఠం ఉండదు. పళ్ళెం వాళ్ళ ఎదురుగానే ఉంది.

మతం విషయంలోనూ దూరం పోనక్కర్లేదు, హాజరు పట్టీ చాలు. కుళ్ళాయప్ప, ఫక్కీరప్ప, బాబయ్య, మస్తానమ్మ: ఈ పేర్లున్న పిల్లల్లో చాలామంది హిందువులే. నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామికి, పెనుకొండ బాబయ్యకు మొక్కుకుని అమ్మానాన్నలు పెట్టిన పేర్లవి. మొహర్రం నాడు గూగూడులో పీర్ల ముందు ఏ మతంవాళ్ళు నిలబడతారో అక్కడికి వెళ్ళిన ప్రతి పిల్లాడికీ తెలుసు. నీ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రాసుకు రమ్మని ఎనిమిదో తరగతికి చెప్పండి. తర్వాతి పీరియడ్‌లో మత స్వేచ్ఛ గురించి చెప్పే 25వ అధికరణం తీయండి. దీనికి కొత్త సబ్జెక్టూ కొత్త పుస్తకమూ అక్కర్లేదు. 28వ అధికరణం దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో టీచర్లకు శిక్షణలో ఒక పూట చెప్పి, ఈ పాఠం చెప్పినందుకు ఎవరూ సంజాయిషీ అడగరని పై అధికారులు రాతపూర్వకంగా భరోసా ఇవ్వాలి.