బ్యాటరీకి గొళ్లెం పోయిన దగ్గర్నుంచి

విశాఖ మధురవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వారం మళ్లీ అదే తగవు. ఒకావిడ ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి, టచ్‌ప్యాడ్ పైకి తన్నుకొచ్చింది. కంపెనీ వాళ్లు ‘వాడకంలో లోపం’ అని రాసి, కొత్త బ్యాటరీ ఖర్చు జీతంలో పట్టుకుంటామన్నారట. రోజంతా ఛార్జింగ్‌లోనే ఉంచితే ఉబ్బదా మరి అని కొందరు. తీసేసి పని చేస్తే, మధ్యలో మీటింగ్ ఆగిపోతే మాటలు పడేదెవరు అని మరికొందరు. ఇంతలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త. ‘అందరూ ఫుల్ ఛార్జింగ్ పెట్టేసుకోండి’ అని ఒక మెసేజ్, దాని కిందే ‘80 దాటనివ్వకండి, బ్యాటరీ పోతుంది’ అని ఇంకొకటి. దీని వెనక కథేంటో చెప్పాలనిపించింది. అందుకే ఇది.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి ఎలా తెచ్చింది, 2019లో ముగ్గురికి నోబెల్ ఎందుకొచ్చింది, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. వదిలేద్దాం. అంతకు ముందున్న నికెల్ కాడ్మియం కాలం నుంచి మిగిలిపోయిన ఒక్క అలవాటు గురించి మాత్రం చెప్పుకోవాలి. ఆ బ్యాటరీని ప్రతిసారీ సగంలోనే ఆపి ఛార్జింగ్ పెడితే, కొన్నాళ్లకు అది ఆ సగం వరకే పనిచేసేది. దాన్ని మెమరీ ఎఫెక్ట్ అనేవాళ్లు. అందుకే సున్నాకి దించి ఆ తర్వాత 100 దాకా ఎక్కించమనేవారు. ఇప్పుడున్న లిథియం బ్యాటరీల్లో ఆ జబ్బు గురించి బెంగ పడక్కర్లేదు. పైగా మాటిమాటికీ సున్నాకి దించితే వాటికే నష్టం. అయినా కొత్త ల్యాప్‌టాప్ చేతిలో పెడుతూ ‘మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టండి సార్’ అనే కుర్రాడు ఏ షోరూములోనైనా ఒకడుంటాడు. వాడికి ఆ మాట చెప్పినవాడికి కూడా ఎవరో చెప్పే ఉంటారు.

నా లెక్కలో ఈ తగవుకి మూలం రసాయనంలో లేదు, గొళ్లెంలో ఉంది.

పాత ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పితే రెండు చిన్న గొళ్లేలుండేవి. ఒకటి పక్కకి జరిపి, స్ప్రింగు ఉన్న రెండోదాన్ని వేలితో పట్టి ఉంచి లాగితే బ్యాటరీ చేతిలోకి వచ్చేసేది. లోపల ఆరో తొమ్మిదో సెల్స్, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చూడ్డానికి టార్చిలైట్ బ్యాటరీల్లాగే ఉక్కు డబ్బాలు. ఇంట్లో కూర్చుని పని చేసుకునేవాళ్లు బ్యాటరీ ఊడదీసి బీరువాలో పెట్టేసి, నేరుగా అడాప్టర్ మీద నడిపేవాళ్లు. కరెంటు పోతే రాసిందంతా పోయేది, ఆ తిట్లు వేరే. కానీ ఎంతసేపు ఛార్జింగ్‌లో ఉంచాలన్నది మన ఇష్టం.

2006లో సోనీ తయారు చేసిన సెల్స్ కొన్ని వేడెక్కి అంటుకున్నాయి. డెల్ ఒక్కటే 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచింది. అంత పెద్ద గొడవ కూడా ఎలా తేలిందంటే, జనం గొళ్లెం జరిపి పాతది తీసి పంపించారు, వచ్చిన కొత్తది తగిలించుకున్నారు. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది.

ఆ తర్వాత గొళ్లెం పోయింది. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్, 2009లో 17 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో బ్యాటరీని లోపలే బిగించుకుని వచ్చాయి. వెయ్యిసార్లు ఛార్జ్ చేసుకోవచ్చు, ఇక మార్చాల్సిన పనేముంది అన్నది యాపిల్ మాట. 2011 నుంచి అల్ట్రాబుక్ పేరుతో ఇంటెల్ కూడా సన్నటి ల్యాప్‌టాప్‌ల వెంట పడటంతో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. సన్నగా చేయాలంటే ఉక్కు గొట్టాలు పట్టవు. వాటి స్థానంలో అల్యూమినియం రేకు సంచుల్లో నింపిన పల్చటి సెల్స్ వచ్చాయి. ఉక్కు డబ్బా ఉబ్బదు. రేకు సంచి లోపల గ్యాస్ పుడితే పూరీలా పొంగుతుంది. ల్యాప్‌టాప్ వాడేవాళ్ల నోట ‘ఉబ్బింది’ అన్న మాట ఎక్కువగా వినపడుతున్నది ఈ సంచులు వచ్చాకే.

మన ఊరి వరకు ఇందులో ఇంకో మెలిక ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. నా దగ్గర పాత రకం ల్యాప్‌టాప్, దానికి రెండు బ్యాటరీలు. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, యూఎస్‌బీ వైరు పెట్టి వీధిలో అందరి ఫోన్లూ కొంచెం కొంచెంగా బతికించాం. పక్కింటి కుర్రాడి కొత్త ల్యాప్‌టాప్ నాజూగ్గా ఉండేది కానీ మర్నాటికే పడుకుంది. ఏ క్షణాన కరెంటు పోతుందోనన్న టెన్షన్ ఆ వారంలోనే మాకు పట్టుకుంది. ఎప్పుడు చూసినా 100 కనపడాలి, లేకపోతే నిద్ర పట్టదు.

ఆ భయానికి 2020 మార్చి లాక్‌డౌన్ తోడైంది. రుషికొండ ఐటీ హిల్ మీది ఆఫీసులు డైనింగ్ టేబుళ్ల మీదికి దిగాయి. ల్యాప్‌టాప్ కదలడం మానేసింది. అడాప్టర్ గోడకి పాతుకుపోయింది.

అలా వదిలేస్తే లోపల ఏం జరుగుతుంది? మామూలు లిథియం సెల్ పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ వోల్టేజీలో గంటల తరబడి నిలబెడితే లోపలి ద్రవం మెల్లగా విరిగిపోతుంది, గ్యాస్ పుడుతుంది. దానికి వేడి తోడైతే ఇంకా తొందరగా. బ్యాటరీల వాళ్లు తరచూ చూపించే లెక్క ఒకటుంది. 25 డిగ్రీల దగ్గర ఏడాది పాటు పక్కన పెడితే, 40 శాతం ఛార్జింగ్‌తో ఉన్నదానికి సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది, నిండుగా ఉన్నదానికి 80. అదే 40 డిగ్రీల వేడిలో నిండుగా ఉంచితే 65. మే నెలలో ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టుకుని, గాలి రంధ్రాలు మూసుకుపోయిన ల్యాప్‌టాప్‌లో రెండు గంటల వీడియో మీటింగ్ నడిపిస్తే 40 డిగ్రీలు దాటడం ఏమంత కష్టం కాదు.

నిరుడు నా సొంత ల్యాప్‌టాప్‌కే ఇది జరిగింది. టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ పడటం మానేసింది, మూత సరిగ్గా మూతపడలేదు. ద్వారకానగర్‌లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. పది స్క్రూలు విప్పి అడుగు పలక లేపగానే అతను ‘ఏటండీ, దీన్ని ఇంకా ఛార్జింగ్ పెడతన్నారా?’ అన్నాడు. మూడు సంచుల్లో నడిమిది బల్లపరుపుగా ఉంది, అటూ ఇటూ ఉన్నవి రెండూ పొంగి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పక్కన పడేసి, పాత ఏటీఎం కార్డుతో జిగురు మెల్లగా లేపాడు. రేకుకి చిల్లు పడితే మంటేనట. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు తియ్యటి వాసన కొట్టింది. దాన్ని రేకు బిస్కెట్ డబ్బాలో పెట్టి షాపు బయట మెట్టు మీద ఉంచి వచ్చాడు. ఒరిజినల్ నాలుగున్నర వేలు, లోకల్ పద్దెనిమిది వందలు అన్నాడు. రెండోది వద్దని తనే చెప్పాడు. నేను విండోస్ బ్యాటరీ రిపోర్ట్ (బ్యాటరీ ఎంత అరిగిందో కంప్యూటరే చూపించే లెక్క) తీసుకుంటే సరిపోయేదట: మొదట్లో 45 వాట్ అవర్ల బ్యాటరీ, పాడయ్యే నాటికి నిండుగా ఎక్కినా 26కి మించడం లేదు. చూసుకోలేదు. తప్పు నాదే, డబ్బులూ నావే.

ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఇదే మాట అనగలమా?

కంపెనీ వైపు వాదన ఇది: ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడే జాగ్రత్తల కాగితం మీద సంతకం తీసుకున్నాం, బ్యాటరీ అరిగిపోయే సరుకు, తయారీదారులే చాలాసార్లు దానికి ఏడాదికి మించి వారంటీ ఇవ్వరు. ఇందులో అబద్ధం లేదు.

కానీ గొళ్లెం తీసేశాక తయారీదారులు దాని బదులు ఒక సెట్టింగ్ ఇచ్చారు. అడాప్టర్ పెట్టే ఉంచినా పూర్తిగా నిండకముందే, చాలావాటిలో 80 శాతం దగ్గర, ఛార్జింగ్ ఆగిపోయే ఏర్పాటు. లెనోవో వాళ్ల థింక్‌ప్యాడ్‌లలో ఎంతోకాలంగా ఉన్నదే. లెనోవో మామూలు మోడళ్లలో కన్జర్వేషన్ మోడ్ అంటారు, ఆసుస్‌లో బ్యాటరీ కేర్, డెల్ బయాస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల చోటు) ప్రైమరిలీ ఏసీ యూజ్. యాపిల్ కూడా 2020లో తన పద్ధతిలో బ్యాటరీని కాపాడే సాఫ్ట్‌వేర్ పెట్టింది. సొంత ల్యాప్‌టాప్ అయితే రెండు నిమిషాల పని, పెట్టి మరిచిపోవచ్చు. ఆఫీసుదైతే బయాస్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది, యాప్ వేసుకోవాలంటే అడ్మిన్ అనుమతి కావాలి. మధురవాడ ఆవిడ దగ్గర ఒక స్క్రీన్‌షాట్ ఉంది. ఏడు నెలల కిందట ‘ఛార్జింగ్ 80కి ఆపే సెట్టింగ్ ఆన్ చేయండి’ అని ఐటీ సపోర్ట్‌కి ఆవిడ వేసిన టికెట్, అంటే ఆన్‌లైన్ అర్జీ, అది. ‘పాలసీ ప్రకారం కుదరదు’ అని అరగంటలో మూసేశారు. గ్రూపులో ఆ బొమ్మ పెట్టాక, అప్పటిదాకా కంపెనీ తరఫున మాట్లాడిన ఇద్దరు మళ్లీ కనపడలేదు.

మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. వాడేవాళ్లే ఊడదీసుకునేలా బ్యాటరీ ఉండాలన్న నిబంధన యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వస్తుంది. ఏదో ఒక రూపంలో గొళ్లెం తిరిగి రావచ్చు.

ఇక తుఫాను మాట. రేపో ఎల్లుండో కరెంటు పోతుందనుకుంటే 100 దాకా ఎక్కించుకోవడంలో తప్పేం లేదు. ఒక రాత్రి నిండుగా ఉన్నంత మాత్రాన బ్యాటరీ చెడదు, నెలల తరబడి అలా ఉంటేనే చెడుతుంది. కరెంటు వచ్చాక మళ్లీ 80కి తెచ్చుకోండి. ఇప్పటికే ఉబ్బింది అని అనుమానం ఉంటే మాత్రం అసలు ఛార్జింగ్ పెట్టొద్దు, తుఫాను వచ్చినా సరే.

జీతం కోత మీద ‘పరిశీలిస్తున్నాం’ అని హెచ్‌ఆర్ నుంచి ఆవిడకి నిన్న మెయిల్ వచ్చింది. ఈలోగా ల్యాప్‌టాప్‌ని హైదరాబాద్ ఆఫీసుకి పంపమన్నారు. ఉబ్బిన బ్యాటరీ ఉందని నిజం చెప్పేసరికి కొరియర్ వాళ్లు మేం తీసుకోం అన్నారు. ప్రస్తుతానికి అది వాళ్ల బాల్కనీలో, గమేళాలో పోసిన ఇసుక మీద ఉంది. వాన జల్లు కొట్టకుండా ఆవిడ పైన ఒక రేకు కప్పింది.