వెంకటరావు దొరకడు, బెంకట్ రావును వెతకండి

ఒడిశా సరిహద్దు జిల్లాల కోర్టు వరండాల్లో పాత గొడవ మళ్లీ లేచింది. దావా నడుస్తోంది, వాయిదాలు పడుతున్నాయి, కంప్యూటర్‌ను అడిగితే మాత్రం రికార్డు దొరకలేదంటుంది. ఈ-కోర్టులు, అంటే కోర్టుల పనిని కంప్యూటర్లకు ఎక్కించే కేంద్ర పథకం. దాని మూడో దశలో పాత రికార్డులను స్కాన్ చేసి, కేసుల సమాచార వ్యవస్థను కొత్త సాఫ్ట్‌వేర్‌తో తిరగరాసే పని సాగుతోంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కక్షిదారులు, వారికంటే ఎక్కువగా ప్లీడరు గుమాస్తాలు అడుగుతున్న ప్రశ్న ఒకటే: మా కట్టలు ఆ పెట్టెలోకి వెళ్లాక మళ్లీ మాకు దొరుకుతాయా?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడటం, పర్లాకిమిడి పట్నం ఇటు ఒరిస్సాలో మిగిలి జమీందారీ గ్రామాలు చాలావరకు అటు మద్రాసు వైపు పోవడం ఇక్కడి వారందరికీ తెలిసిన కథే. దానిలోంచి ఒక్క ముక్క మాత్రం ఈ తగవుకు కావాలి. 1936 దాకా గంజాం అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకు వెళ్లేవి. ఆ తరువాత పట్నాకు వెళ్లాయి. 1948 జులై 26న కటక్‌లో హైకోర్టు పెట్టాక అక్కడికి మళ్లాయి. పన్నెండేళ్లలో మూడు హైకోర్టులు. అందుకే బరంపురంలో భూమి దావా వాదించే వకీలు ఈనాటికీ మద్రాసు తీర్పుల పాత సంపుటాల దుమ్ము దులుపుతాడు.

అయితే ఇప్పటి చిక్కుకు మూలం 1936లో లేదు. 2007లో మొదలైన ఈ-కోర్టుల మొదటి దశలోనూ లేదు. ఆ దశ ప్రధానంగా యంత్రాలు కొని, తీగలు లాగి, 14,249 కోర్టులను కంప్యూటర్లకు అలవాటు చేయడానికి సరిపోయింది. అసలు మలుపు 2014 జనవరి నాటి రెండో దశ విధాన పత్రంలో ఉందని నా అభిప్రాయం.

అప్పటికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు సాఫ్ట్‌వేర్. ఒకరి లెక్క మరొకరికి అతకదు. దేశం మొత్తానికి ఒకే కేసు సమాచార వ్యవస్థ ఉండాలన్నారు, సబబే. ఉబుంటు లాంటి ఉచిత, బహిరంగ సాఫ్ట్‌వేర్ మీద దాన్ని నడపాలన్నారు, అది మరీ సబబు. పుణెలోని జాతీయ సమాచార కేంద్రం దాన్ని తయారు చేసింది. దానికి రెండు పొరలు పెట్టారు. దేశమంతటికీ సమానమైనది ‘కోర్’, అంటే నడిగర్భం. ఆయా హైకోర్టు తన అవసరాన్ని బట్టి చేర్చుకునేది ‘పెరిఫెరీ’, అంటే అంచు. కేసు రకం, సంఖ్య, తేదీ, కక్షిదారు పేరు గర్భంలోకి వెళ్లాయి. స్థానిక వాడుక అంచుకు చేరింది.

కాగితం మీద ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఉండదు. కానీ అంచుకు కూడా ఒక అంచు ఉంటుందన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టినట్టు లేదు. పుణె నుంచి చూస్తే కటక్ అంచు. కటక్ నుంచి చూస్తే బరంపురం, పర్లాకిమిడి అంచు. స్థానిక భాష అనే గడిలో ఒడిశాకు ఒడియా అని నింపితే పని అయిపోయింది. ఆ గడిలోకి రావలసిన తెలుగు పేర్లు ఏమవుతాయి?

ఏమయ్యాయో చెబుతాను. ఒడియా లిపిలో వ, బ రెండింటికీ వాడుకలో ఉన్నది ఒకటే అక్షరం, పలికేది బ. పదం మొదట్లో య వస్తే జ అవుతుంది. వెంకటరావు బెంకట్ రావు, యశోద జశోద. నోటిమాటలో ఇది ముచ్చటే, మా వీధిలో అందరం ఇద్దరు మనుషుల పేర్లతో బతుకుతాం. కానీ వకాలత్‌నామాలో తెలుగువాడు ఇచ్చిన పేరు ఒడియా చేతిరాతలోకి, అక్కడి నుంచి ఇంగ్లిషు గడిలోకి ఎక్కేసరికి మనిషే మారిపోయాడు. దానికి తోడు మన ఇంటిపేరు ముందుంటుంది, వారిది చివర ఉంటుంది. కాబట్టి ‘రావు’ ఇంటిపేరై కూర్చుంది, అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగిలింది, కొన్నిచోట్ల అదీ లేదు. పేరుతో వెతకాలంటే కనీసం మూడక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. మొదటి అక్షరమే తేడా అయినప్పుడు మూడిచ్చినా ముప్పై ఇచ్చినా ఒకటే.

పేరు పోతే పోయింది, సంఖ్యతో వెతకవచ్చు కదా? అది ఇంకో కథ. మద్రాసు పద్ధతిలో సివిల్ దావా ‘ఓ.ఎస్.’, ఒరిజినల్ సూట్. కటక్, బాలాసోర్ వైపు బెంగాల్ పద్ధతి కాబట్టి అక్కడ ‘టి.ఎస్.’, టైటిల్ సూట్. దక్షిణాన 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం, ఉత్తరాన 1887 నాటి బెంగాల్ చట్టం. ఒకే రాష్ట్రంలో ఈ రెండు ఆచారాలనూ ఒక గొడుగు కిందికి తెచ్చింది 1984 ఒరిస్సా సివిల్ కోర్టుల చట్టం. తరువాతి కాలంలో మునసబు కోర్టు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అయింది, సబ్ కోర్టు సీనియర్ అయింది, దావా ‘సి.ఎస్.’, సివిల్ సూట్ అయింది. రిజిస్టర్ల కాలంలో ఈ మార్పులన్నీ గుమాస్తా బుర్రలో ఉండేవి. ఫలానా ఓ.ఎస్. తరువాత ఏ కోర్టుకు బదిలీ అయి ఏ సంఖ్యగా మారిందో ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు. కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు బుర్రను ఎవరూ ఎక్కించలేదు.

ఇందులో నాకు సొంత అనుభవం ఉంది. 1981లో మా నాన్నగారు వేసిన పంపకాల దావా తుది డిక్రీ దశలో ఇంకా నడుస్తోంది. ఏ కోర్టో చెప్పను, సరిహద్దులోదే. వాయిదా తేదీ చూద్దామని రెండు గంటలు వెతికాను. ఓ.ఎస్. అన్న రకమే జాబితాలో లేదు. పేరుతో అడిగితే సున్నా. చివరకు ఒక ముసలి గుమాస్తా గారి దగ్గరికి వెళ్లాను. “బాబూ, ‘బి’తో మొదలుపెట్టారా?” అన్నారు. లేదన్నాను. “మీ ఇంటిపేరు తీసేయండి, రావును చివర పెట్టండి.” పెట్టాను. నిమిషంలో దొరికింది. ఆయన నవ్వలేదు, రోజుకు పది మందికి చెప్పే మాట అది. “మేం ఉన్నన్నాళ్లూ ఫరవాలేదు” అని మాత్రం అన్నారు.

అధికారుల వాదన కూడా చెప్పాలి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ సంఖ్య ఉంది, అది తెలిస్తే పేరుతో, పాత నంబరుతో పని లేదంటారు. నిజమే, తెలిసినవారికి. 2015 సెప్టెంబరు 19 నుంచి జాతీయ న్యాయ గణాంకాల గ్రిడ్ జనం ముందుకు వచ్చిందని, ఏ జిల్లాలో ఎన్ని కేసులు పేరుకున్నాయో ఎవరైనా చూడవచ్చని గుర్తు చేస్తారు. కటక్ హైకోర్టు 2021లోనే రికార్డు గది డిజిటల్ కేంద్రం తెరిచింది. 2023 ఫిబ్రవరిలో కోరాపుట్, మల్కనగిరి సహా పది జిల్లాల్లో, అదే మే నెలలో మిగతా ఇరవై జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు ఏర్పాటు చేసింది. పర్లాకిమిడి వకీలు రైలెక్కకుండా కటక్‌లో వాదించవచ్చు. ఇది చిన్న మేలు కాదు, కాదన్నవారు ఇక్కడ ఎవరూ లేరు.

కాదంటున్నది మూడో దశ తొందరను. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నాలుగేళ్లకు 7,210 కోట్ల రూపాయలు ఇచ్చింది. అందులో రికార్డులను స్కాన్ చేసి భద్రపరచడానికి 2,038.40 కోట్లు. సాఫ్ట్‌వేర్ తయారీకి 243.52 కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే గుమాస్తాల బెంగ అర్థమవుతుంది. బొమ్మ తీయడానికి బోలెడంత డబ్బుంది, తీసిన బొమ్మ ఎవరిదో గుర్తుపట్టే తెలివికి అందులో ఎనిమిదో వంతు. సరిహద్దు రికార్డు గదుల్లో తెలుగులో రాసిన పాత దస్తావేజులున్నాయి. జమీందారీ కాలపు గొలుసుకట్టు రాతను చదవగలిగినవారు తెలుగువారిలోనే తగ్గిపోయారు. దాన్ని స్కాన్ చేస్తే చక్కని బొమ్మ వస్తుంది. ఆ బొమ్మకు సూచికలో ఏ పేరు రాస్తారు, ఏ అక్షరంతో మొదలుపెడతారు అన్నది ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది.

పెద్ద స్థాయిలో భాషకు చోటు దొరకకపోలేదు. 2023 గణతంత్ర దినాన సుప్రీంకోర్టు తీర్పుల అనువాదాలు 1,268 విడుదలైనప్పుడు వాటిలో 28 తెలుగువి, 21 ఒడియావి. బరంపురం తెలుగువాడు ఢిల్లీ తీర్పును తెలుగులో చదువుకోవచ్చు, తన దావా ఎక్కడుందో కనుక్కోవడానికి మాత్రం బెంకట్ రావు కావాలి.

వకీళ్లు, గుమాస్తాలు అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. కొత్త వ్యవస్థలో రెండు గడులు: పాత కేసు రకం, సంఖ్య యథాతథంగా ఒకటి, పేరుకు మరో వర్ణక్రమం ఒకటి. పుణె దాకా పోనక్కరలేదు, రెండో దశ విధానం ప్రకారం అంచు హైకోర్టుదే. స్కానింగ్ కట్టలు కదలకముందే ఆ గడులు తెరవాలన్నదే వారి పట్టు. తరువాత తెరిస్తే వాటిని నింపడానికి కట్టలన్నీ మళ్లీ విప్పాలి.

ఈలోగా నకలు అర్జీల మీద నేను మా నాన్నగారి పేరు రెండు రకాలుగానూ రాస్తున్నాను, మధ్యలో ‘అలియాస్’ అని పెట్టి. చూసేవారికి ఆయన ఏదో దొంగతనం కేసులో ముద్దాయిలా కనిపిస్తారు. నకలు మాత్రం వారంలో చేతికి వస్తోంది.