జర్మనీ ఎక్స్ఛేంజ్ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

స్కూలు పిల్లల బృందాలను జర్మనీకి ఎక్స్ఛేంజ్ ట్రిప్‌కి తీసుకెళ్ళడం నా ఉద్యోగంలో భాగం. మన పిల్లలు అక్కడి స్కూలు పిల్లల ఇళ్ళల్లో ఒక్కొక్కరుగా ఉంటారు, వాళ్ళతో పాటే క్లాసులకు వెళ్తారు. తర్వాత ఆ పిల్లలు మన ఇళ్ళకు వస్తారు. బయల్దేరే ముందు జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రశ్నలన్నీ వీసా, చలి, విమానం చుట్టూనే తిరుగుతాయి. అక్కడికి వెళ్ళాక పిల్లలు ఇబ్బంది పడేది మాత్రం వేరే విషయాల్లో. వాటిలో చాలావరకు ముందే ఒక్క మాట అడిగితే తీరిపోయేవే.

అపోహ: మొహమాటంగా ఉంటేనే మర్యాద తెలిసిన పిల్లలు అనుకుంటారు.

అన్ని ట్రిప్పుల్లోనూ ఎక్కువ కన్నీళ్ళు తెప్పించేది ఇదే. మన ఇళ్ళల్లో చుట్టం "చాలండీ, కడుపు నిండిపోయింది" అన్నా ఇంకో గరిటె వడ్డిస్తాం. అది మన పద్ధతి. జర్మన్ ఇంట్లో వద్దంటే వద్దనే అర్థం. బలవంతం చేస్తే ఎదుటివాళ్ళ మాటకు విలువ ఇవ్వనట్టని వాళ్ళు భావిస్తారు. మొదటి రోజు సిగ్గుపడి వద్దన్న పిల్లాడు ఆకలితో పడుకుంటాడు. పడుకునే ముందు ఇంటికి మెసేజ్ పెడతాడు. తెల్లారేసరికి వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, మా వాడికి తిండి పెట్టడం లేదండీ అని ఏడుస్తుంది. ఆ ఇంటావిడకేమో పిల్లాడు ఆకలితో ఉన్న సంగతే తెలియదు.

దీనికి తోడు రాత్రి భోజనం. చాలా జర్మన్ కుటుంబాల్లో వేడి భోజనం మధ్యాహ్నమే. రాత్రికి రొట్టె, చీజ్, చల్లటి మాంసం ముక్కలు, దోసకాయ, టమాటా టేబుల్ మీద పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. దీన్ని ఆబెండ్‌బ్రోట్ అంటారు. పొయ్యి వెలిగించలేదంటే అతిథిని చిన్నచూపు చూశారని మన పిల్లలు అనుకుంటారు. నిజానికి వాళ్ళు మన పిల్లల్ని ఇంట్లోవాళ్ళలా కూర్చోబెట్టుకున్నారు.

అందుకే బయల్దేరే ముందు పిల్లలతో కొన్ని మాటలు పైకి అనిపించి ప్రాక్టీస్ చేయిస్తాను: "నాకు ఆకలిగా ఉంది", "ఇంకొంచెం తీసుకోవచ్చా?", "ఇది నేను తినలేను, వేరే ఏమైనా ఉందా?" శాకాహారులైతే ఇంకో జాగ్రత్త. శాకాహారి అంటే గుడ్డు తింటారనే అక్కడ లెక్క. అక్కడి జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది ఎక్కువగా పంది నుంచి తీసిందే. ఏమి తినరో ముందే కాగితం మీద రాసి ఆ కుటుంబానికి పంపాలి.

అపోహ: సూట్‌కేసు నిండా ఇంటి తిండి పెడితే నిశ్చింత.

మామిడికాయ పచ్చడి, కందిపొడి, జంతికలు పెట్టండి, పర్వాలేదు. పచ్చడి చెక్-ఇన్ బ్యాగులోనే, నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేసి. కానీ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురాకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. చికెన్ పచ్చడి, నెయ్యి సీసా, కోవా అన్నీ దీని కిందికే వస్తాయి. పచ్చి కరివేపాకుకి కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. కస్టమ్స్ దగ్గర దొరికితే తీసి పారేస్తారు. బృందంలో ఒక్కరి బ్యాగు ఆపినా అందరూ ఆగాల్సిందే, ఈలోపు ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోతుంది.

అపోహ: స్నానానికి కూడా జాగ్రత్తలా?

కావాలి. మన బాత్‌రూమ్‌లో నేలంతా తడవచ్చు, నీళ్ళు వాటంతట అవే పోతాయి. జర్మన్ బాత్‌రూమ్‌లో షవర్ దాటి బయట నేల మీద సాధారణంగా నీళ్ళు పోయే దారి ఉండదు. కర్టెన్ టబ్ బయట వేలాడదీసి స్నానం చేస్తే నీళ్ళు కింది ఇంటి పైకప్పులోకి దిగుతాయి. అక్కడ అలాంటి మరమ్మతు చాలా ఖర్చు. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఇతరుల ఆస్తికి జరిగిన నష్టం కవర్ అవుతుందో లేదో చూసుకోండి. వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలన్నది అందరికీ తెలుసు, ఈ సంగతి మాత్రం పేరెంట్స్ ఎవరూ అడగరు.

యూత్ హాస్టల్‌లో ఉన్నప్పుడు అగరుబత్తి, డియోడరెంట్ స్ప్రే కూడా పొగ అలారాన్ని మోగించగలవు. చాలా హాస్టళ్ళలో అలారం మోగితే ఫైరింజన్ వచ్చేస్తుంది, అనవసరంగా రప్పించినందుకు బిల్లు కూడా రావచ్చు. దుప్పటికి కవర్లు మనమే తొడగాలి, రాత్రి 10 తర్వాత గొడవ చేయకూడదు. అంత్యాక్షరికి అదే చివరి టైమ్!

అపోహ: జర్మన్ రైళ్ళు సెకను కూడా తప్పవు.

ఈ నమ్మకంతో మధ్యలో 8 నిమిషాలే వదిలి రైలు మారే ప్లాన్ వేసేవాళ్ళను చూశాను. 2024లో అక్కడి దూరప్రాంత రైళ్ళలో టైముకి వచ్చినవి 62.5 శాతమే. అదీ 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని కూడా టైముకి వచ్చినట్టే లెక్కేస్తే. బృందంతో వెళ్ళేటప్పుడు రైలు మారడానికి కనీసం అరగంట ఉంచుకోండి.

ఇంకో చిక్కు, కొన్ని రైళ్ళు దారిలో రెండుగా విడిపోతాయి. బెర్లిన్ నుంచి పడమరకు వెళ్ళే కొన్ని ఐసీఈ (అక్కడి హైస్పీడ్) రైళ్ళు హమ్ స్టేషన్‌లో విడిపోయి ఒక సగం ఎస్సెన్ వైపు, ఇంకో సగం వుప్పర్టాల్ వైపు వెళ్తాయి. స్నేహితుల పక్కన కూర్చోవాలని వేరే పెట్టెలోకి వెళ్ళిన పిల్లలు ఇంకో ఊళ్ళో తేలతారు. తలుపు మూసుకుపోయి సగం మంది ప్లాట్‌ఫామ్ మీదే మిగిలిపోవడం కూడా మామూలే. దానికి మా బృందంలో ఒకటే నియమం: ప్లాట్‌ఫామ్ మీద మిగిలినవాళ్ళు అక్కడి నుంచి కదలకూడదు, రైల్లో ఉన్నవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఉండాలి. ఎవరూ ఎవర్నీ వెతుక్కుంటూ వెళ్ళకూడదు. టీచర్ వస్తారు. ఇది పిల్లల నోటికి వచ్చేదాకా చెప్పిస్తాను.

టికెట్ కొంటే సరిపోదు. కొన్ని ఊళ్ళలో దాన్ని మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. తనిఖీలో దొరికితే 60 యూరోలు కట్టాలి, తెలియదన్నా వినరు.

అపోహ: రోజూ వీడియో కాల్ చేస్తే బెంగ తగ్గుతుంది.

నా అనుభవంలో పెరుగుతుంది. రాత్రి భోజనాల వేళ ఆ ఇంట్లో కబుర్లు నడుస్తుంటే మన పిల్లలు గదిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఆ కుటుంబానికి మనవాళ్ళు తమతో కలవడం లేదనిపిస్తుంది. పైగా టైము తేడా ఉంది, వేసవిలో 3.30 గంటలు, చలికాలంలో 4.30 గంటలు. ఇక్కడ తెల్లారి 6కి అమ్మమ్మ ఫోన్ చేస్తే వేసవిలో అక్కడ అర్ధరాత్రి దాటి 2.30. రెండు రోజులకొకసారి, ముందే అనుకున్న టైముకి చేయండి. మధ్యలో మెసేజ్ చాలు. ఇంకో మాట, ఆ ఇంటి పిల్లల ఫొటోలు అడక్కుండా స్టేటస్‌లో పెట్టొద్దు. ఈ ఒక్క కారణంతో రెండు కుటుంబాల మధ్య మాటలు తగ్గిపోవడం చూశాను.

అపోహ: అక్కడ 16 ఏళ్ళకే బీర్ తాగొచ్చు కదా, తప్పేముంది?

చట్టం ఒప్పుకుంటుంది నిజమే. బీర్, వైన్‌కి 16, ఘాటు మద్యానికి 18. కానీ మన పిల్లలు మన స్కూలు బాధ్యత మీద వెళ్తున్నారు, మన నియమమే వర్తిస్తుంది. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అపోహ: పాస్‌పోర్టులన్నీ టీచర్ దగ్గర ఒకే బ్యాగులో ఉంటే సురక్షితం.

ఆ బ్యాగు పోతే బృందమంతా చిక్కుల్లో పడుతుంది. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే, మెడలో వేసుకునే పౌచ్‌లో. జిరాక్స్ కాపీలు టీచర్ దగ్గర, స్కాన్ ఇంట్లో. పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు, తర్వాత బెర్లిన్‌లోని మన రాయబార కార్యాలయం లేదా ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్‌లలోని కాన్సులేట్లు. అక్కడిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇండియాకి తిరిగి రావడం తప్ప ఇంకో దేశానికి వెళ్ళలేరు. కాబట్టి తర్వాత ప్యారిస్ చూద్దామనుకున్న పిల్లాడికి ట్రిప్ అక్కడితో ఆఖరు.

మందుల గురించి కూడా చెప్పాలి. పారాసిటమాల్ కూడా అక్కడ సూపర్‌మార్కెట్లో దొరకదు, మందుల షాపుకే వెళ్ళాలి. యాంటీబయాటిక్స్ డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. ఆదివారం ఊళ్ళో షాపులు దాదాపు అన్నీ మూసేసి ఉంటాయి, డ్యూటీలో ఉన్న ఒక మందుల షాపు ఎక్కడుందో వెతుక్కోవాలి. ప్రాణాపాయమైతే 112, అంత అత్యవసరం కాకపోయినా డాక్టర్ కావాలంటే 116117. ఈ రెండు నంబర్లు పిల్లల ఫోన్‌లో సేవ్ చేయించండి. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు, అందుకని పౌచ్‌లో కాగితం మీద కూడా రాసి పెట్టండి.