పిడికిలితో కొలిచిన చుక్క

2020 మే 20, మధ్యాహ్నం ఒకటిన్నర కావస్తోంది. బెంగళూరు మారతహళ్ళిలో మా కిటికీ అద్దాలు ఒక్కసారిగా గడగడలాడాయి. నిమిషం తిరక్కముందే ఫోన్లు. భూకంపమని ఒకరు, ఎక్కడో సిలిండర్ పేలిందని మరొకరు, ఆకాశంలోంచి ఏదో దిగిందని హిందూపురం నుంచి మా మేనత్త. వీధిలో అందరూ తలలెత్తి చూశారు. పైన ఏమీ లేదు. అంత చప్పుడు చేసినది కంటికి కనిపించకపోవడమే అందరినీ ఎక్కువగా భయపెట్టింది.

భూకంప మాపకాల్లో ఏ కదలికా నమోదు కాలేదని కర్ణాటక విపత్తు పర్యవేక్షణ కేంద్రం చెప్పింది. సాయంత్రానికి రక్షణ శాఖ ప్రకటన వచ్చింది. పరీక్ష కోసం ఎగిరిన వాయుసేన విమానం ధ్వని వేగాన్ని దాటింది. 36 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో వేగం తగ్గించుకుంటున్నప్పటి చప్పుడు అయి ఉండవచ్చునట. 65 నుంచి 80 కిలోమీటర్ల దూరానికి కూడా అది వినిపిస్తుంది. ధ్వనిని మించిన వేగంతో పోయే విమానం ముందున్న గాలికి తప్పుకునే వ్యవధి ఇవ్వదు. అలా అదిమిన గాలి శంకువులా వెనకాలే సాగుతూ మన చెవిని తాకినప్పుడు పిడుగులా మోగుతుంది. 80 కిలోమీటర్లు దాటి రావడానికి ధ్వనికి దాదాపు నాలుగు నిమిషాలు కావాలి. మనం తలెత్తేసరికి విమానం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది.

అయినా ఏదో దాస్తున్నారన్న మాట చాలా రోజులు వినబడింది. ఆ అనుమానం కన్నా, భయపడినవాళ్ళను చూసి నవ్వినవాళ్ళే నన్ను ఎక్కువ బాధపెట్టారు. ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఎంతసేపు అని నమ్మినవాళ్ళూ అడగలేదు, నవ్వినవాళ్ళూ అడగలేదు.

అడిగితే ఏమవుతుందో లద్దాఖ్‌లో తేలింది. 2013 ఫిబ్రవరి నాటికి సరిహద్దులోని సరస్సు మీద గుర్తు తెలియని వెలుగులు 329 సార్లు కనిపించినట్టు మన సైనికులు రాసిపెట్టారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయని లెక్క. చైనా డ్రోన్లేమోనన్న అనుమానంతో సైన్యం బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థను పిలిచింది. శాస్త్రవేత్తలు ప్యాంగాంగ్ సరస్సు దగ్గర ఆ వెలుగులు ఎప్పుడు పొడుస్తున్నాయో, ఎటు కదులుతున్నాయో గమనించారు. అవి శుక్రుడు, బృహస్పతి.

సైనికులను తప్పు పట్టను. పల్చని గాలిలో గ్రహాలు మరింత వెలుగుతాయి. పైగా చీకట్లో ఒంటరి వెలుగు ఎంత దూరాన ఉందో కంటికి తెలియదు. ఆనవాలు పట్టేందుకు చుట్టూ ఏమీ లేకపోతే, కదలని చుక్క కూడా కదిలినట్టే ఉంటుంది. వాళ్ళు చేసిన గొప్ప పని ప్రతిసారీ రాసిపెట్టడం. ఆ రాత ఉండబట్టే విడమరిచి చూడటం వీలైంది. ఆకాశంలో గుర్తు తెలియనివి కనిపించాయంటూ వచ్చి, అమెరికా వాయుసేన 1969 వరకు పరిశీలించిన 12,618 సంఘటనల్లో 701కి వివరణ దొరకలేదు. వార్తల్లో ఆ 701 వెంటనే గ్రహాంతరవాసులైపోతాయి. ఇలాంటి వాటిపై నాసా నియమించిన నిపుణుల బృందం 2023లో ప్రధానంగా చెప్పింది ఇదే: పనికొచ్చే కొలతలు చాలినన్ని లేవు.

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి, పక్క ఫ్లాటు పెద్దమ్మ నన్ను మేడ మీదికి పిలిచింది. పడమట పెద్ద వెలుగు. "అరగంటగా చూస్తున్నాను బాబూ, మెల్లగా కిందికి దిగుతోంది" అంది. నిజమే, దిగుతోంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. నీళ్ళ ట్యాంకు అంచు నుంచి చుక్క దాకా వేళ్ళతో కొలవమన్నాను. పది నిమిషాలాగి మళ్ళీ కొలిస్తే రెండు వేళ్ళు పైచిలుకు తగ్గింది. భూమి తిరిగే లెక్క సరిగ్గా అంతే.

"ఇది మన వేగుచుక్కే పెద్దమ్మా, శుక్రుడు" అన్నాను.

"అది తెల్లవారుజామున కదా పొడిచేది!"

మార్చి 23 ప్రాంతంలో మనకూ సూర్యుడికీ మధ్యగా దాటి, ఆ తర్వాత తెల్లవారుజామున తూర్పున కనిపిస్తుందని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు ఐదు గంటలకు మా తలుపు తట్టింది, పిడికిలి బిగించి.